వెనక చక్రాల సాక్ష్యం

ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి ఏసుకు ఆదివారం దాకా గడువిచ్చారు. బుధవారం సాయంత్రం అతని భార్య ఆరోగ్యమేరి దాన్ని మా ఇంటికి తెచ్చి నా చేతిలో పెట్టింది. కంప్యూటర్ మీద తమిళంలో కొట్టించిన నాలుగు వరుసలు. ఇరవై ఆరో తేదీన తాను మద్యం తాగి కారు నడిపాననీ, కే.జీ.కండిగై మలుపులో కల్వర్టును గుద్దాననీ, ఇందులో ఓనరుకు ఏ సంబంధమూ లేదనీ ఏసు ఒప్పుకుంటున్నట్టు అందులో ఉంది. కింద సంతకానికి ఖాళీ వదిలి, ఆ ఖాళీ పక్కన పెన్సిలుతో చిన్న గుర్తు కూడా పెట్టారు.

"మా ఆయప్ప తాగలేదు సార్," అంది ఆరోగ్యమేరి. "మానేసి ఆరేండ్లయింది. చర్చిలో అందరి ముందర చెయ్యెత్తి మానేసినాడు. ఇప్పుడు తాగినానని రాసిస్తే స్టాండులో ఇంగ ఎవురూ స్టీరింగ్ ఇయ్యరు. రాసీకపోతే పోలీసు కేసు పెడతాడంట ఓనరు."

"నన్నేం చేయమంటావమ్మా?"

"మీరు కార్ల చదువు చెప్పినోళ్ళు కదా. బండికేమన్నా అయిందేమో చూడండి. రెండు దినాలు ప్రార్థన చేస్తి సార్, మీ పేరే తట్టింది."

"ప్రార్థన సంగతి నాకు తెలియదు. బండి సంగతి చూస్తాను."

"ఆ సంగతి నేను చూసుకుంటా. మీరు బండి చూడండి, చాలు," అని ఆమె లేచింది.

ముప్పైరెండేళ్ళు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి, రిటైరై తిరుత్తణిలో స్థిరపడినవాణ్ణి. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు నలిపినందువల్ల బ్రేకులు బాగా పడవని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంటాను కనుక, ఈ ఊళ్ళో నన్ను గౌరవిస్తూనే కాస్త దూరంగా ఉంచుతారు. అయినా ఏసు మీద వచ్చిన నింద నేను విననిదేమీ కాదు. ఇంకా చెప్పాలంటే, దాన్ని మోసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

జరిగింది ఇది. బజారు వీధిలో హార్డ్‌వేర్ దుకాణం నడిపే రాజేంద్రప్రసాద్‌కు రైల్వే స్టేషన్ స్టాండులో నాలుగు అద్దె కార్లున్నాయి. వాటిలో ఒకదాన్ని ఏసు నడుపుతాడు. పోయిన నెల ఇరవై ఆరో తేదీ మధ్యాహ్నం పళ్ళిపట్టు నుంచి తాయమ్మ అనే పెద్దావిడనూ, ఆమె ఇద్దరు కొడుకులనూ, కోడలినీ, మూటలతో సహా రైలు వేళకు తీసుకొస్తున్నాడు. కే.జీ.కండిగై దాటే కుడి మలుపులో కారు ఉన్నట్టుండి లోపలికి దూసుకెళ్ళి, వెంటనే ఎడమకు విసురుగా తిరిగి కల్వర్టుకు తగిలింది. తాయమ్మ మణికట్టు విరిగింది. మిగతావారికి గీతలతో పోయింది.

ఏసు తాగాడనడానికి ఊరు చూపించిన సాక్ష్యాలు రెండు. ఒకటి, పంచరు కొట్టు గోపాలన్ ఆ కారు అంతకుముందే వంకరగా పోతుండగా చూశాడు. రెండోది ఏసు నోటి మాటే. గుద్దిన తర్వాత చుట్టూ మూగినవాళ్ళతో, "నేను గాదు, ఎనక ఎవురో కూర్చోని స్టీరింగ్ తిప్పినట్టుండె," అన్నాడట. అంతే, స్టాండంతా నవ్వు. తాగినవాడైనా అలా అనాలి, పేయి, అంటే దెయ్యం, పట్టినవాడైనా అనాలి. ఆ మలుపులో పేయి ఉందని నమ్మే సగం మంది భయపడ్డారు, నమ్మని సగం మంది తాగాడని తేల్చారు. టీ కొట్టులో ఈ మాట నా చెవిన పడినప్పుడు, "రోడ్డు వేసేవాళ్ళు మలుపుకొక దెయ్యాన్ని కూడా కాంట్రాక్టులో కలిపేస్తున్నారు," అని నేను ఒక చతురోక్తి విసిరాను. బాగా పేలింది. ఒక మనిషి బతుకుతెరువు మీద నా హాస్యం కూర్చుందని ఆరోగ్యమేరి కాగితం తెచ్చేదాకా నాకు తోచలేదు.

ఆ రాత్రి కాకుండా మర్నాడు పొద్దున్నే ఏసు ఇంటికి వెళ్ళాను. ఏసు నలభై ఏళ్ళవాడు, చామనఛాయ, మాట తక్కువ. నాకు కుర్చీ వేసి తాను గడప మీద కూర్చున్నాడు.

"ఏసూ, నువ్వు చెప్పిన మాట మీద నేను కూడా టీ కొట్టులో నవ్వాను. అది తప్పు. ముందు ఆ సంగతి చెప్పుకోవాలి," అన్నాను.

"నవ్వినారని తెలుసు సార్. దెయ్యం కాంట్రాక్టు. నాకే ముగ్గురు వచ్చి చెప్పినారు." అతను తలెత్తలేదు. "బాగానే ఉండె ఆ జోకు."

"సరే. తాగావా లేదా అని నేను అడగను. బండి ఎప్పటినుంచి తేడాగా ఉంది?"

అతను మొదటిసారి నా వైపు చూశాడు. "అది అడిగిన మనిషి మీరొక్కరే సార్. పోయిన నెల ఒకటో తేదీన నగరి రోడ్డులో ఒక గుంత. ఎడమపక్క ఎనక చక్రం దబ్బున దిగబడింది. అప్పట్నుంచి బండి నేరుగా పోవాలంటే స్టీరింగ్ వంకరగా పట్టుకోవల్ల. ఓనరుతో చెప్తి. తిరువళ్ళూరుకు పంపించి అలైన్‌మెంట్ చేపించినాడు."

"తర్వాత?"

"స్టీరింగ్ నేరుగయింది. బండి కాలేదు."

"అంటే?"

"యాడ చెప్పేది సార్... నేనొక్కడే పోతే ఏమీ తెలీదు. ఐదుమందీ మూటలూ ఎక్కినాంక మలుపు వస్తే, నేను పావు తిప్పితే అది అర తిరుగుతాది. మిగతా పావు ఎవురు తిప్పినారు? నేనైతే తిప్పలేదు. మళ్ళా ఓనరుతో చెప్తి, ఎనక సరిగ్గా లేదన్నా అని. అలైన్‌మెంట్ చేపించినాము కదరా, సుమ్మా, ఊరికే ఏందో ఒకటి చెప్పబాక అన్నాడు."

నేను కుర్చీలో ముందుకు జరిగాను. స్టీరింగ్ నేరుగయింది, బండి కాలేదు. వెనక ఎవరో కూర్చుని తిప్పినట్టు. ముప్పైరెండేళ్ళలో వేలకొద్దీ జవాబు పత్రాలు దిద్దాను. ఒక్క విద్యార్థీ వెనక సస్పెన్షన్ లోపాన్ని ఇంత కచ్చితంగా రాయలేదు. ఆ మనిషి చూసింది చూసినట్టు, అనుభవించింది అనుభవించినట్టు చెప్పాడు. శాస్త్రం పని మొదలయ్యేది అక్కడే. మేమంతా అతని మాటను పరీక్షించడానికి బదులు అతని నోరు వాసన చూశాం.

కారులో ముందు చక్రాలు మాత్రమే తిరుగుతాయని లోకం అనుకుంటుంది. చక్రం ముందుదైనా వెనకదైనా తాను ఏ దిక్కుకు చూస్తుందో ఆ దిక్కుకే పోతుంది. ఏసు నడిపే రకం కారులో వెనక చక్రాలు రెంటినీ కలుపుతూ అడ్డంగా ఒక ఇనుప దూలం ఉంటుంది. ఆ దూలానికి చెరొక పక్కనా ఒక చెయ్యి. ఆ చేతులు ముందుకు సాగి, మందపాటి రబ్బరు కూర్చిన బుష్‌లతో బండి అడుగుకు బిగిసి ఉంటాయి. ఒక పక్క బుష్ చినిగితే దూలం ఏటవాలుగా కూర్చుంటుంది. చక్రాలు రెండూ పక్కకు చూస్తాయి. బరువెక్కించి మలుపు తిప్పినప్పుడు రోడ్డు టైర్లను పక్కకు నెడుతుంది కదా, ఆ నెట్టుడుకు దూలం ఇంకా తిరుగుతుంది. అప్పుడు వెనక చక్రాలు మలుపుకు బయటి వైపు దారి పడతాయి, తోక బయటికి పోతుంది, ముక్కు లోపలికి దూసుకొస్తుంది. డ్రైవరు కంగారుగా ఇటు తిప్పితే దూలం కూడా అటునుంచి ఇటు కొట్టుకుంటుంది. కుడికి దూసుకెళ్ళి ఎడమ కల్వర్టుకు తగలడం అంటే అదే. అయితే ఇది నా ఊహ మాత్రమే. బండి చూడకుండా ఇదే నిజమంటే, నాకూ గోపాలన్‌కూ తేడా ఏముంది?

అక్కడినుంచి నేరుగా రాజేంద్రప్రసాద్ దుకాణానికి వెళ్ళాను. చెడ్డవాడు కాదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించిన విషయం. చెడ్డవాళ్ళతో వాదించడం సులువు.

"రండి సార్, కూర్చోండి. కాఫీ చెప్పేదా?" అన్నాడు. ఎందుకొచ్చానో చెప్పగానే ముఖం బిగిసింది. "వాడు తాగినాడు సార్. నేను చూడలేదు, నిజమే. గానీ గోపాలన్ చూసినాడు. బండి పక్కవాటుగా పోతా ఉండెనంట. ముక్కు ఒకపక్క, తోక ఒకపక్క."

"అటూ ఇటూ ఊగిందా, పొడుగునా ఒకే వాటంగా పోయిందా?"

"ఒకే వాటం అన్నాడు. ఎండ్రకాయ నడిచినట్టు."

"తాగినవాడు నడిపితే బండి ఊగుతుంది. ఎండ్రకాయలాగా నియమంగా ఒకే వాటంలో మైళ్ళకొద్దీ నడపాలంటే చాలా తెలివిలో ఉండాలి. గోపాలన్ చూసింది బండి తప్పును. దాన్ని ఏసు నోట్లో పోసేశారు మీరు."

"అదొక్కటే కాదు సార్. ముందే ఒకసారి బండిని యాడనో గుంతలో దింపి, టో చేపించుకోని, తోపించుకోని వచ్చినాడు. నాకు చెప్పనే లేదు. దానికి కాగితముండాది నా దగ్గర. విఘ్నేషూ, ఆ ఫైలు ఎత్తుకోని రా!"

విఘ్నేష్ అతని అక్క కొడుకు. పాతికేళ్ళవాడు, దుకాణం లెక్కా కార్ల ఫైళ్ళూ చూస్తాడు. ఫైలు తెచ్చి ఒక కాగితం తీశాడు. తిరువళ్ళూరు అలైన్‌మెంట్ సెంటర్ వాళ్ళది. తేదీ నాలుగు. అంటే ప్రమాదానికి ఇరవై రెండు రోజుల ముందు. పైన యంత్రం అచ్చు వేసిన అంకెలు, కింద ఎవరో నీలం సిరాతో తమిళ అక్షరాల్లో రాసిన ఒక వరుస.

"చదువు నాయనా," అన్నాను.

"రియర్ టో అవుట్. పుష్ చెక్." విఘ్నేష్ గడగడా చదివాడు. "అంటే ఎనకనుంచి టో చేసి బండిని అవుట్ ఎత్తినారు. పుష్ చేసి చెక్ చేసినారు."

"చూసినారా!" అన్నాడు రాజేంద్రప్రసాద్.

నాకు మొదట నవ్వొచ్చింది. అది గొంతులోనే కోపమైపోయింది.

"ఇది ఎవరిచ్చారు? ఏసేనా?"

"లేదు సార్, సెంటర్ వాళ్ళు మాకు వాట్సాప్‌లో పంపించినారు. నేను ప్రింటు తీసి టోయింగ్ ఫైల్లో పెట్టినా."

"ఏసుకు చూపించారా?"

"డ్రైవర్లకు ఎందుకు సార్? బిల్లు ఓనరుకు, తాళం డ్రైవరుకు. అదే కదా వాడుక."

"సెంటర్ వాళ్ళ నంబరు ఉంటే కలుపు. స్పీకరు పెట్టు."

అవతల పార్థిబన్ అనే మెకానిక్ ఎత్తాడు. విఘ్నేష్ బండి నంబరు చెప్పి, నీలం సిరా వరుస చదివి వినిపించాడు.

"అయ్యయ్యో, పుష్ ఇల్లెప్పా, కాదు, బుష్! బుష్!" ఫోను అరిచింది. "ఎనక బుష్ చినిగిపోయింది. ఎడమ చక్రం బయటికి చూస్తా ఉంది. అదే రియర్ టో అవుట్. మార్చమంటే మారుస్తామని రాసి పంపిస్తి. మీనుంచి జవాబే రాలేదు."

"అలాంటి బండిని ముందు చక్రాలు మాత్రం సరిచేసి రోడ్డు మీదికి ఎలా వదిలావయ్యా?" అన్నాను నేను.

"ఎవురు సార్ మాట్లాడేది? ...బండి మాది కాదు కదా సార్. రాసి ఇచ్చేస్తిమి, మా పని అయిపాయ."

విఘ్నేష్ ఫోను పెట్టేసి ఆ కాగితం వైపే చూస్తూ నిలబడ్డాడు. తమిళ లిపిలో పకారానికీ బకారానికీ ఒకటే అక్షరం. పుష్ రాసినా బుష్ రాసినా కంటికి ఒకటే. టో సంగతి సరేసరి. బండిని తాడు కట్టి లాక్కెళ్ళడాన్నీ టో అంటారు, చక్రం ముక్కు లోపలికో బయటికో తిరిగి ఉండడాన్నీ టో అంటారు. ఆంగ్లంలో రాస్తే రెండు మాటలు, మన అక్షరాల్లోకి వస్తే ఒకటే మాట.

"రెండిటికీ ఒకటే ఎళుత్తు కదా సార్," అన్నాడు విఘ్నేష్ చిన్న గొంతుతో. "నాకెట్ల తెలుస్తాది?"

"తెలియకపోవడం తప్పు కాదు. తెలియకపోతే ఫోను చేసి అడగడానికి ఇప్పుడు నీకు ఎంతసేపు పట్టింది? ఒక నిమిషం. ఆ నిమిషం మిగుల్చుకుని, అర్థం కాని కాగితాన్ని అర్థమైనట్టు పెట్టి, దాన్నే ఆ మనిషి మీద రుజువు చేశారు. అతను మీకు నోటితో చెప్పాడు. బండి యంత్రంతో చెప్పింది. రెండూ మీ దగ్గరే ఉన్నాయి."

రాజేంద్రప్రసాద్ మెత్తబడలేదు. "సార్, మీరు చదువుకున్నోళ్ళు, సరే. గానీ తిరిగేది ముందర చక్రాలు కదా. ఎనకవి ముందరి వాటి ఎంబడి వచ్చేవే. వాటికి కొంచెం అటో ఇటో అయితే కారు కల్వర్టుకు పోతాదా?"

"నమ్మకండి. చూడండి. బండి ఎక్కడుంది?"

కారు దుకాణం వెనక సిమెంటు పెరట్లోనే ఉంది. ముందు బంపరు, రేడియేటరు కొత్తవి వేశారు, లైటు మార్చారు, రంగు కొట్టారు. గుద్దిన చోటు బాగుచేశారు కానీ గుద్దించిన చోటు ఎవరూ ముట్టుకోలేదు. అద్దం మీద కొత్తగా ఎండుమిరపకాయలూ నిమ్మకాయా వేలాడుతున్నాయి. సోమవారం నుంచి రోడ్డెక్కిస్తారట. మొదటి ప్రయాణం రాజేంద్రప్రసాద్ కూతురు ప్రీతికది. పిల్లలతో అత్తగారి ఊరికి.

రెండు బక్కెట్ల నీళ్ళు బండి ముందు నేల మీద పోయించాను. విఘ్నేష్‌ను ఎక్కించి, స్టీరింగ్ కదల్చకుండా నెమ్మదిగా తడిలోంచి పొడి నేల మీదికి నేరుగా రమ్మన్నాను. వచ్చాడు. అతను దిగాక ముగ్గురం వంగి చూశాం.

"నాలుగు జాడలుండాయి," అన్నాడు రాజేంద్రప్రసాద్.

"తొందరపడకండి. కొన్ని కార్లలో వెనక చక్రాల మధ్య దూరం ముందు వాటికంటే కాస్త ఎక్కువో తక్కువో ఉంటుంది. అప్పుడు కూడా నాలుగు జాడలు పడతాయి. కానీ రెండు పక్కలా సమానంగా పడాలి. ఇక్కడ చూడండి. ఎడమపక్క వెనక చక్రం జాడ, ముందు చక్రం జాడకు బయట ఉంది. కుడిపక్క లోపల ఉంది. అంటే వెనకభాగం మొత్తం ఎడమకు జరిగి నడుస్తోంది. స్టీరింగ్ నేరుగా ఉంది, బండి లేదు. ఈ మాట నాది కాదు, ఏసుది."

విఘ్నేష్ మరోసారి చేస్తానన్నాడు. రెండోసారీ అలాగే పడింది. మూడోసారి రాజేంద్రప్రసాదే స్వయంగా ఎక్కి నడిపాడు. జాడలు మారలేదు. నిమ్మకాయ ఊగుతూ ఉండిపోయింది.

జాకీ ఎక్కించి, ఒక ఇనుప కడ్డీతో ఎడమ బుష్ దగ్గర ఎత్తాను. చినిగిన రబ్బరు నోరు తెరిచింది. దూలం చెయ్యి వేలెడు మందాన అటూ ఇటూ కదిలింది. రాజేంద్రప్రసాద్ మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చాలాసేపు చూశాడు. లేచి, ఎవరితోనో అన్నట్టు, "పాపను దీంట్లో పంపిద్దామనుకుంటిమే," అన్నాడు.

నేను ఆ భయాన్ని గౌరవించాను. అయితే తన కూతురి పేరు తలుచుకున్నంతసేపు కూడా అతనికి తాయమ్మ మణికట్టు తలపుకు రాలేదు, ఏసు రాలేదు. అది గమనించకుండా ఉండలేకపోయాను.

"సరే సార్, బుష్ ఏంది, ఆ దూలమే కొత్తది ఏపిస్తా," అన్నాడు కాసేపటికి. "తాయమ్మ కొడుకులతో కూడా మాట్లాడతా. ఆ కాగితం చించేద్దాం. వాణ్ణి పనికి రమ్మనండి. అయిపాయ కదా."

"స్టాండులో ఎవరు చెబుతారు?"

"ఏం చెప్పేది?"

"ఏసు తాగలేదని."

అతను తువాలుతో మెడ తుడుచుకున్నాడు. "దానికెందుకు సార్ ఇంగ. వాడు మళ్ళా బండి ఎక్కితే జనానికి తెలిసిపోదా? నలుగురిలో నిలబడి నేను తప్పు చెప్పినానంటే నా మర్యాద ఏమైతాది? నావి నాలుగు బండ్లు ఆ స్టాండులోనే ఉండాయి."

నా గొంతు పెరిగింది. పెరగనిచ్చాను. "రాజేంద్రప్రసాద్ గారూ, మీ మర్యాద నాలుగు బండ్ల మీద ఉంది. ఒకటి షెడ్డుకు పోయినా మూడు మిగులుతాయి. ఏసు మర్యాద ఒక్క మాట మీద ఉంది. అది మీరు తీశారు, నలుగురి మధ్య తీశారు. దుకాణం వెనక పెరట్లో తిరిగి ఇస్తానంటే కుదరదు. ఆదివారం మీరు స్టాండుకు వచ్చి చెప్పకపోతే ఈ చీటీ, ఈ బుష్ తీసుకుని నేను తాయమ్మ కొడుకుల దగ్గరికే వెళతాను."

ఇది బెదిరింపే. హేతువాదం ఎప్పుడూ మెత్తగా ఉండాలని నేను ఎక్కడా చదవలేదు.

ఆదివారం పదింటికి స్టాండులో ఇరవై మందికి పైగా డ్రైవర్లున్నారు. సెల్వకుమార్ వాళ్ళ సంఘం కార్యదర్శి. సొంతానికి రెండు కార్లున్నాయి, నాలుక కాస్త పదునెక్కువ. ఏసు టికెట్ కౌంటరు గోడ పక్కన నిలబడ్డాడు. ఆరోగ్యమేరి అతనికి నాలుగడుగుల దూరంలో. రాజేంద్రప్రసాద్ ఉతికిన చొక్కాలో వచ్చాడు.

"ఏందిలే సమాచారం, ఓనరు సామి వచ్చినారు. ఏసు సంతకం చేసినాడా?" అన్నాడు సెల్వకుమార్.

"అది... సంతకం అక్కర్లేదు సెల్వా," అన్నాడు రాజేంద్రప్రసాద్. "బండికి టెక్నికల్ ప్రాబ్లం. రియర్ యాక్సిల్ ఇష్యూ. మిస్‌కమ్యూనికేషన్ అయింది. ఇప్పుడు క్లియర్. అంతే."

డ్రైవర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఓహో," అన్నాడు సెల్వకుమార్. "అంటే క్వార్టర్ ఎక్కువైతే యాక్సిల్ ఇష్యూ వస్తాదా? నాకు తెలీదే!"

నవ్వులు లేచాయి. ఆ నవ్వు నాకు బాగా తెలిసిన నవ్వు. నేను ముందుకు ఒక అడుగు వేసి, దూలం, బుష్, జాడలు అన్నీ వివరించడానికి నోరు తెరిచాను. అప్పుడు గోడ దగ్గరినుంచి ఏసు అన్నాడు, "మీరు వద్దు సార్."

అతను ఓనరు ముందుకు వచ్చి నిలబడ్డాడు. చేతులు కట్టుకోలేదు.

"అన్నా, తాగినానని చెప్పేటప్పుడు అందరికీ అర్థమయ్యేటట్టు తెలుగులో చెప్పినారు. తాగలేదని మాత్రం ఇంగ్లీషులో చెప్తారా?"

స్టాండులో నవ్వు ఆగిపోయింది. లోపల ప్లాట్‌ఫారం మీద అరక్కోణం బండి ప్రకటన వినిపించి ముగిసింది. రాజేంద్రప్రసాద్ కింది పెదవి కొరుక్కుని నా వైపు చూశాడు. నేను సాయపడలేదు.

"తాగలేదు," అన్నాడు.

"ఏం సామీ? ఇనబడలే," అన్నాడు సెల్వకుమార్. ఈసారి ఎగతాళిగా అనలేదు.

"ఏసు తాగలేదు." అతను డ్రైవర్ల వైపు తిరిగాడు. "బండి ఎనకపక్క చెడిపోయి ఉండె. వాడు నాకు రెండుసార్లు చెప్పినాడు. నేను ఇనలేదు. కాగితం వచ్చింది, అదీ సరిగ్గా చూడలేదు. తాగినాడని ఊరికే చెప్పేసినా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ అతన్ని తిట్టలేదు. పంచరు కొట్టు గోపాలన్ మాత్రం, "నేను బండి వంకరగా పోయిందనే చెప్తిని. తాగినాడని నేను యాడ చెప్పినాను?" అని పక్కవాడితో అప్పుడే మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. రేపటికి ఈ ఊళ్ళో ఏసు తాగాడన్నవాడు ఒక్కడూ మిగలడు.

"ఏసూ, బండి బాగయినాంక నా దగ్గరికే వస్తావు కదా?" అన్నాడు రాజేంద్రప్రసాద్.

"చూస్తాం అన్నా," అన్నాడు ఏసు. అందులో కోపం లేదు, ఒప్పుకోలూ లేదు.

అంతలో రైలు దిగిన కుటుంబం ఒకటి స్టాండులోకి వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక ముసలాయన, పిల్లలు, మూడు సంచులు. పట్టాభిరామ్ అనే ఊరి నుంచి పెళ్ళి చూపులకు వచ్చారట, పళ్ళిపట్టుకు పోవాలి, పన్నెండు లోపల.

సెల్వకుమార్ జేబులోంచి తాళంచెవి తీశాడు. "నా రెండో బండి సుమ్మానే నిలబడి ఉంది ఏసు. పోతావా?"

"ఏ రోడ్డులో పోయేది?" అని ఎవరో వెనకనుంచి అడిగారు.

"ఉండేది ఒకటే రోడ్డు కదప్పా," అన్నాడు ఏసు. తాళంచెవి అందుకుని, ముసలాయన చేతిలోని సంచి తీసుకున్నాడు.

ఆరోగ్యమేరి ముందు సీటు తలుపు తెరిచి పెద్దాయన్ను కూర్చోబెట్టింది. పిల్లల్లో ఒకడు కిటికీ దగ్గర సీటు కోసం ఏడుస్తున్నాడు. ఏసు వాడితో ఏదో అన్నాడు, వాడు ఏడుపు ఆపాడు. నిండు బరువుతో కారు స్టేషన్ గేటు దాటి, కుడికి తిరిగి, కే.జీ.కండిగై వైపు పోయింది.